డాక్టర్ బాబు, డీజే అన్నయ్య

మా పెద్దమ్మ కొడుకు డీజే. పెళ్ళి ఊరేగింపులో ట్రాలీ మీద స్పీకర్లు కట్టి వీధంతా అదరగొట్టే డీజే కాదు, పబ్బుల్లో వాయించే డీజే. "వాయించడం" అంటే అన్నయ్యకి కోపం. సరే, పాటలు కలిపే డీజే. 2019లో మా మియాపూర్ ఇంట్లో మాతోనే ఉండేవాడు. వారమంతా మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం, శుక్ర శనివారాలు రాత్రి ఈ వ్యవహారం.

శనివారం ప్లాను ఎప్పుడూ ఒకటే. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం రెండు పెన్ డ్రైవుల్లోకి ఒకే పాటలు ఎక్కించుకోవడం (ఒకటి మొరాయిస్తే రెండోది. బ్యాకప్ విషయంలో మా ప్రాజెక్టు కంటే చాలా నయం). తొమ్మిదికల్లా గచ్చిబౌలి. శనివారాల్లో పబ్బు ఒంటిగంటకి మూసేయాలి కాబట్టి పన్నెండున్నరకి ఆఖరి పాట. తర్వాత డీఎల్ఎఫ్ దగ్గర దోసెలు.

కానీ ఎనిమిది అయ్యేదాకా మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు. ఎందుకంటే ఏడున్నరకి స్టార్ మాలో కార్తీకదీపం!

మెడలో హెడ్‌ఫోన్సు, ఒళ్ళో అమ్మ ఇచ్చిన ఉప్మా పళ్ళెం, కళ్ళు వంటలక్క మీద. ఈ సీను చూసి నేను నవ్వని శనివారం లేదు. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: తనకి పిల్లలు పుట్టరని నమ్మిన డాక్టర్ బాబు, గర్భవతైన భార్య దీపని అనుమానిస్తాడు. కవలలు పుడతారు, ఒక పిల్ల తల్లి దగ్గర, ఒక పిల్ల తండ్రి దగ్గర పెరుగుతారు. అంతే. ఆ అంతే అనేది 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది.

"అసలు డాక్టరేంట్రా బాబూ వీడు, ఒక్క డీఎన్ఏ టెస్టు చేయిస్తే పోయేదానికి" అని ఓ రోజు అరిచాను. అప్పట్లో రాష్ట్రంలో సగం మంది అడిగిన ప్రశ్నే ఇది. నాకైతే బగ్ ఏ లైన్లో ఉందో కనిపిస్తూంటే ఎవరూ ముట్టుకోనట్టు ఒళ్ళు మండేది.

అన్నయ్య తాపీగా చెప్పాడు. "టెస్టు చేయిస్తే అది డ్రాపు. డ్రాపు పడగానే ఫ్లోరు మీద జనం రెండు నిమిషాలు గెంతుతారు, తర్వాత మంచినీళ్ళకి పోతారు. అందుకే దాచుకోవాలి. తొమ్మిదింటికే హిట్టు పాట వేసేవాడు డీజే కాదురా." హౌస్ బీటు నాలుగు లెక్కలో, నిమిషానికి 120 పైచిలుకు దెబ్బలతో నడుస్తుంది. మన తీన్మార్ మూడు లెక్క. అందులోంచి ఇందులోకి కాలు తడబడకుండా జనాన్ని దాటించాలంటే అరగంట ముందునుంచే దారి వేసుకోవాలట. సీరియల్ వాళ్ళు ఆ దారి వేయడంలో మొనగాళ్ళు, కానీ దాటించరు, అదే వాళ్ళ జబ్బు అన్నాడు.

అమ్మకి ఈ డ్రాపులూ అవీ పట్టవు. "టెస్టు ఎందుకు చేయించడంటే, నిజం అని తేలితే ఇన్నేళ్ళు తను చేసిందంతా తప్పని ఒప్పుకోవాలి కదరా. అందుకు భయం" అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

అన్నయ్య ఉప్మా తినడం ఆపేశాడు. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పెదనాన్న కోదాడలో ఉంటాడు. కొడుకు "తాగుబోతులకి పాటలు పెట్టే పని" చేస్తున్నాడని తెలిసినప్పటినుంచీ, అప్పటికి రెండేళ్ళుగా మాట్లాడటం లేదు. కోదాడనుంచి మియాపూర్‌కి నాలుగు గంటల ప్రయాణం. ఒక్కసారైనా వచ్చి వాడు చేసేదేంటో చూడలేదు.

పెదనాన్నని తిట్టుకుంటూ ఆ రాత్రి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. ఎందుకంటే... నేనూ చూడలేదు! అరగంట దూరంలో ఉండి, ఒకే గదిలో పడుకుంటూ, ఏడాదిగా ఒక్క శనివారం కూడా వెళ్ళలేదు. రిలీజు ఉందనో, ఒంట్లో బాగోలేదనో. నిజం చెప్పాలంటే ఆఫీసువాళ్ళు ఎవరైనా చూసి "మీ అన్నయ్యా?" అంటారేమోనని.

తర్వాతి శనివారం వెళ్ళాను. వాడికి చెప్పలేదు. ఒక మూల కోకు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఫోన్లో పాట పేరు టైపు చేసి మొహం మీద పెడుతుంటే నవ్వుతూ తల ఊపుతున్నాడు, ఆ పాట మాత్రం వేయడం లేదు. ఒక చెవికి హెడ్‌ఫోను, ఇంకో చెవి జనానికి. పదకొండున్నర దాటాక నెమ్మదిగా డప్పు లోపలికి తెచ్చాడు. ఎక్కడ మారిందో నాకు తెలియలేదు, చూస్తే అందరి కాళ్ళూ తీన్మార్‌లో ఉన్నాయి. నావి కూడా :)

నలభై సెకన్లు వీడియో తీసి, ఆలోచించకుండా పెదనాన్నకి వాట్సప్ చేశాను. నీలం టిక్కులు ఆదివారం పొద్దున పడ్డాయి. జవాబు లేదు. సోమవారం లేదు. బుధవారం రాత్రి ఒక లైను వచ్చింది: "అంత చీకట్లో మీటలు ఎలా కనపడతాయి వాడికి?"

అన్నయ్యకి చూపించాను. రెండుసార్లు చదివాడు.

"మీటల కింద లైట్లుంటాయని చెప్పు" అన్నాడు.

"నువ్వే చెప్పు" అని ఫోను వాడి చేతిలో పెట్టి, చార్జర్ వెతుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.