గ్రీసు ద్వీపముల నడుమ ఒక వారము

పై తరగతులకు అపొస్తలుల కార్యముల గ్రంథమును బోధించునప్పుడు ప్రతి సంవత్సరమును నేను నల్లబల్లమీద మధ్యధరా సముద్రపు పటమును వ్రాసి, పౌలు ప్రయాణములను ఎఱ్ఱ సుద్దతో గీయుచుండెడివాడను. పటములోని గీత శుభ్రముగను, వెనుక బల్లమీది పిల్లవానికి సైతము కనబడునట్లును ఉండవలెనని ట్రెయినింగు కాలేజీలో మాకు నేర్పిరి. కాబట్టి బద్ద పెట్టియే గీయుచుంటిని. త్రోయనుండి నెయపొలికి ఒక గీత. కొన్ని యేండ్ల తరువాత ఫిలిప్పీనుండి మరల త్రోయకు ఒక గీత. రెండును సూటిగా నుండెడివి.

మా బడి సముద్రమునకు దగ్గర. 2013వ సంవత్సరమున ఒకనాడు, వేటకు బోవు కుటుంబములోని బాలుడొకడు లేచి, "మాస్టారూ, వెళ్లేటప్పుడు రెండు రోజులే పట్టింది గదండీ, వచ్చేటప్పుడు అయిదు రోజులెందుకు పట్టిందండీ?" అని యడిగెను. గ్రంథము చూచితిని. పదునాఱవ అధ్యాయమున త్రోయ విడిచిన మఱునాడే నెయపొలి చేరిరి. ఇరువదవ అధ్యాయమున అదే సముద్రమును తిరిగి దాటుటకు అయిదు దినములు పట్టెను. అన్ని సంవత్సరములు బోధించియు నేనా సంగతి గమనింపనే లేదు. తెలియదనుటకు నోరు రాక, పాఠమునకు సంబంధింపని ప్రశ్నలు వలదంటిని. వాడు కూర్చుండలేదు. "ఎదురుగాలైతే పడవ తిన్నగా పోదండి మాస్టారూ. ఇలగా ఇలగా పోవాలి" అని చేతితో గాలిలో వంకరలు గీచెను. తరగతి యంతయు నవ్వెను. నేను వానిని బెంచీ యెక్కించితిని. పరీక్షలో వాడా ప్రయాణమును ఱంపపు పండ్లవలె గీచినందుకు సున్న వేసితిని. మఱుసటి యేడు వాడు బడి మానివేసెను. అందులకు నేనే కారణమని చెప్పను. ఆ యింట అప్పులుండెను.

2025వ సంవత్సరమున ఈస్టరు పండుగ పాశ్చాత్య సంఘములకును గ్రీకు సంఘమునకును ఒకే దినమున, ఏప్రిల్ 20వ తేదీన వచ్చినది. ఆ వెంటనే మా వేసవి సెలవులు. జర్మనీ దేశమున ఉద్యోగము చేయుచున్న మా బావమఱిది యిద్దరు స్నేహితులతో గలిసి గ్రీసులో ఒక తెరచాప పడవను వారము దినములకు అద్దెకు దీసికొని, నన్నును రమ్మని వ్రాసెను. బయలుదేరు చోటు కోసు ద్వీపము. చేరవలసిన చోటు పత్మాసు. ఆ రెండు పేళ్లును చూచినతోడనే, ఈత రానివాడనైనను, వత్తునని జవాబిచ్చితిని.

26వ తేదీ సాయంకాలము కోసు రేవున పడవ యెక్కితిమి. నలుబది అడుగుల పొడవు. ఒకే కొయ్య, రెండు తెరచాపలు. ఆ దేశమున విహారనౌకల కాలము అప్పుడే యారంభమగుచుండెను. గట్టుమీద ఇంకను అనేక పడవలు దిమ్మెల నానుకొని యుండగా, పనివారు వాని యడుగుభాగములకు రంగు పూయుచుండిరి. భోజనశాలలలో సగము మూసియే యుండెను. తెఱచిన వానిలో కుర్చీలు ఒకదానిమీద నొకటి పేర్చియుండెను. వంటకముల పట్టీ చాల పొడవు, దొరకునది మాత్రము ఒకటియో రెండో. జూలై నాటికి ఎండి గోధుమవన్నెకు దిరుగు కొండలు అప్పుడు పచ్చగా నుండి, గట్లవెంబడి ఎఱ్ఱని గసగసాల పూవులు పూచియుండెను. నీరు మాత్రము చేయి పెట్టిన జిల్లుమనెను.

మా పడవ నడుపువాడు అఱువదేండ్ల వయసుగల కలిమ్నోసు ద్వీపవాసి. మితభాషి. మొదటినాడు రేవు దాటిన కొంతసేపటికి గాలి పూర్తిగా పడిపోయెను. తెరచాప గోడకు దగిలించిన దుప్పటివలె వ్రేలాడెను. ఇంజను ఉన్నది గదా, వేయుమని మా బావమఱిది యనెను. "ఎవరైన మీకొఱకు కాచుకొని యున్నారా?" యని అతడడిగెను. ఎవరును లేరు. కాన రెండు గంటలకాలము రొట్టెయు ఒలీవకాయలును తినుచు, ఎదుటనే కనబడు టర్కీ తీరమును చూచుచు కూర్చుంటిమి. చరిత్రకారుడగు హెరొడోటసు పుట్టిన హలికార్నస్సు ఆ తీరమందే కలదు. ఇప్పుడు దానిని బోద్రుమ్ అందురు. గంటకొట్టుటకు లోబడి బ్రదికినవాడను గనుక నాకా రెండు గంటలును కొంత కష్టముగనే గడచినవి.

ఆ రాత్రి కలిమ్నోసులో గడపితిమి. ఈ ద్వీపమువారు తరతరములు సముద్రపు అడుగునుండి స్పాంజి దెచ్చి బ్రదికినవారు. ఈస్టరు కాగానే వారి పడవలు ఆఫ్రికా తీరము వఱకును బోయి, శరత్కాలమున తిరిగి వచ్చుచుండెడివి. 1860 ప్రాంతములందు గాలిగొట్టముతోడి లోహపు శిరస్త్రాణము వచ్చెను. అంతకు పూర్వము ఊపిరి బిగబట్టి మునిగినవారు ఆ పిమ్మట మఱింత లోతునకు, మఱింత సేపు దిగిరి. లోతున రక్తములో కఱగిన వాయువు, మనుష్యుడు త్వరగా పైకి వచ్చినచో బుడగలై నరములను చెఱచునని వారికి తెలియదు. ఎందఱో చచ్చిరి, ఎందఱో కాళ్లు పడిపోయి బ్రదికిరి. కఱ్ఱ బట్టుకొని వణకుచు నాడు ఆ దురదృష్టవంతుని నడకను అనుకరించు నృత్యమొకటి నేటికిని ఆ ద్వీపమున కలదట. 1986లో స్పాంజికి తెగులు తగిలి ఆ వృత్తి చాలవఱకు క్షీణించినది. మా నావికుని తాత ఆ వృత్తివాడే. తాతకు చదువు రాదనియు, గాలి మాఱుటకు ముందే తెలిసికొనెడివాడనియు చెప్పెను. నేను విని యూరకుంటిని.

మఱునాడు లేరోసుకు బయలుదేరితిమి. వాయవ్యపు గాలి బాగుగ వీచుచుండెను. మేము పోవలసినదియు ఇంచుమించుగ ఆ దిక్కునకే. దూరమున ద్వీపము స్పష్టముగ కనబడుచుండెను. నావికుడు చుక్కాని చక్రమును నా చేతికిచ్చి, కాఫీ త్రాగుటకు కూర్చుండెను. నేను చేసినదేమి? పడవ ముక్కును సూటిగా లేరోసువైపు త్రిప్పితిని. ఒక్క నిమిషములో తెరచాపలు పటపట కొట్టుకొన నారంభించెను. త్రాళ్లు తటతటలాడెను. పడవ వేగము తగ్గి, తగ్గి, నిలిచిపోయెను. గమ్యము నా ముక్కునకు సూటిగా నుండెను. పడవ మాత్రము కదలదు!

అతడు కోపపడలేదు. నన్ను బెంచీ యెక్కింపలేదు. కాఫీ గిన్నె క్రింద బెట్టకయే ఒక చేతితో చక్రమును ప్రక్కకు త్రిప్పెను. తెరచాప నిండెను, పడవ ఒక వైపునకు ఒఱగి కదలెను. ద్వీపము మా యెడమప్రక్కకు తొలగిపోయెను. ఎదురుగాలికి ఇంచుమించు నలుబదియైదు డిగ్రీల కోణమున మాత్రమే యిట్టి పడవ పోగలదనియు, కొంత దూరమిటు, మరల త్రిప్పి కొంత దూరమటు పోవలెననియు అతడు చూపెను. అట్లు పోయినచో ప్రతి పది మైళ్లకు పదునాలుగు మైళ్లు నడువవలసి యుండును. సూటిగా పోవు పడవ నిలిచిపోవును, వంకరగా పోవునది చేరును. సాయంకాలమునకు లక్కీ రేవు ప్రవేశించితిమి. ఇటలీవారు ఈ ద్వీపముల నేలిన కాలమున, 1930 తరువాత, కట్టిన విశాలమగు వీథులును గుండ్రని గోడల కట్టడములును అచ్చట నిప్పటికిని గలవు. ఆ రాత్రి మా పడవ దారిని యంత్రపు పటములో చూచితిని. అది అచ్చముగ ఱంపపు పండ్లవలెనే యుండెను. నాకు అన్నము సహింపలేదు.

29వ తేదీన గాలి మఱింత హెచ్చగుటచే రేవులోనే యుంటిమి. పరిశుద్ధ గ్రంథము దీసి ఆ రెండధ్యాయములను చదివి, రెండు దినములకును అయిదు దినములకును గల భేదమును నావికుని ముందు పెట్టితిని. ఏ మాసమని అతడు మొదట అడిగెను. నేనెన్నడును వేసికొనని ప్రశ్న! పులియని రొట్టెల పండుగ దినములైన పిమ్మట, అనగా ఇంచుమించుగ మనము కూర్చున్న యీ కాలమే. అతడు తల యూచెను. జూలై, ఆగస్టు మాసములలో ఉత్తరపు గాలి దినదినమును ఒక్కతీరుగ వీచును. కాలారంభమున గాలి యింకను మనసు స్థిరపఱచుకొనదు, ఒకనాడు దక్షిణము, మఱునాడు వాయవ్యము, మూడవనాడు ఏమియు లేదు అనెను. వెగేటియసు అను రోమను రచయిత నవంబరు 11 మొదలు మార్చి 10 వఱకు సముద్రము మూసియుండుననియు, మే 27 తరువాతనే నిర్భయముగ పోవచ్చుననియు వ్రాసెను. పౌలు బయలుదేరినది ఆ రెంటి నడుమ. పైగా ఆ కాలపు చతురస్రపు తెరచాప ఎదురుగాలిలో మా దానియంత పనికి వచ్చునది కాదు. పెంతెకొస్తునకు యెరూషలేము చేరవలెనని అతని త్వర. లూకా కారణము చెప్పలేదు. దినములు లెక్కించి యూరకుండెను. ఓడ యెక్కినవానికి అది చాలును, నల్లబల్లవానికి చాలలేదు.

30వ తేదీన లిప్సీ అను చిన్న ద్వీపమునకును, మే 1న పత్మాసుకును చేరితిమి. మే మొదటి దినమున గ్రీకులు అడవిపూవులను దండలుగా గ్రుచ్చి వాకిళ్లకు వ్రేలాడగట్టుదురు. ఆ దండలను చూచుకొనుచు కొండ యెక్కి, యోహాను దర్శనములు చూచెనని చెప్పు గుహలో కొంతసేపు మోకరించితిని. పైన 1088లో స్థాపింపబడిన మఠము కోటవలె నున్నది. అచ్చటనుండి చూడగా నాలుగు దిక్కులను సముద్రమే. నూతన భూమియందు సముద్రము ఉండదని ప్రకటన గ్రంథమున వ్రాయబడినది గదా. అది యేల యని నేనెప్పుడును ఆలోచించుచుండెడివాడను. ఆవలి యొడ్డున తన యేడు సంఘములును ఉండగా ఈ యొడ్డున చెఱలో నున్న ముసలివానికి అది గోడవలె తోచియుండును. మా నావికునితో ఈ మాట చెప్పితిని. ఆ వాక్యము తనకు ఎంతమాత్రమును నచ్చదని యతడు స్పష్టముగ చెప్పెను.

మే 2న తిరుగు ప్రయాణము. అదే వాయవ్యపు గాలి, కాని యిప్పుడు మా వెనుకనుండి. అయిదు దినములు వంకరలు దిరిగి, ఆగి, వేచి పోయిన దూరమును, నలుబది నాటికల్ మైళ్లకు పైబడిన దానిని, ఉదయము లంగరెత్తి సాయంకాలమునకు ముగించితిమి. చక్రమును త్రిప్పవలసిన పనియే లేకపోయెను. పౌలును మిలేతునుండి ఉత్తరపు గాలిని వీపున నుంచుకొని యీ కోసుకే వచ్చియుండును. తెలుగు గ్రంథమున అచ్చట "తిన్నగా" అను మాట యున్నది. దాని మూలమగు గ్రీకు క్రియకు సూటిగా పరుగెత్తుట యని యర్థము. క్రొత్త నిబంధన యంతటిలో అది రెండే తావుల వచ్చును, ఒకటి ఇచ్చట, రెండవది నెయపొలికి రెండు దినములలో చేరిన ఆ ప్రయాణమున. తిన్నగా పోవుట విశేషము కాబట్టియే లూకా దానిని వ్రాసెను. నేను ప్రతి గీతకును బద్ద పెట్టితిని.

ఇంటికి వచ్చిన వారమునకు ఆ బాలుని వెదకికొని పోయితిని. ఇప్పుడు ఇరువదియాఱేండ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవలకు వేట నిషేధము గనుక ఒడ్డుననే యుండి వల బాగుచేసికొనుచుండెను. నన్ను చూచి లేచి, తిరుగవేసిన బుట్ట నొకదానిని తుడిచి కూర్చుండుమని చూపెను. జరిగినదంతయు చెప్పి, ఆ పరీక్షలో నేను వేసిన సున్న తప్పని యొప్పుకొంటిని.

"సున్న గుర్తు లేదు మాస్టారూ," అనెను. కొంతసేపు వలకన్నులు చూచుకొనుచు, "బెంచీ గుర్తుంది" అనెను.

నేను మాటాడలేకపోయితిని. వాడే మరల తలయెత్తి, ఆ పడవ పొడవెంత, కొయ్య ఎత్తెంత, అద్దె యెంత అని ఒక్కొక్కటిగ అడిగెను. తరువాత, "ఇంజను లేదా అండీ దానికి?" అనెను. ఉన్నదంటిని. "ఇంజనుండి అయిదు రోజులా!" అని వాడు నవ్విన నవ్వునకు, ప్రక్కపడవకు రంగు వేయుచున్నవారు సైతము ఇటు తిరిగి చూచిరి.