వెనకాల సముద్రం

ఆన్‌లైన్ మీటింగుల్లో చాలామంది వెనకాల సముద్రం బొమ్మ పెట్టుకుంటారు. నేను నిజంగానే సముద్రం ఒడ్డున కూర్చుని, వెనకాల తెల్ల గోడ బొమ్మ పెట్టుకున్నాను. మొన్నటి ఇంటర్న్‌షిప్ గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను.

ఆరో సెమ్ పరీక్షలు రాస్తుండగా బెంగళూరులోని ఓ చిన్న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఎనిమిది వారాలు, నెలకు పదిహేను వేలు స్టైపెండ్, పని మొత్తం రిమోట్. నా రూమ్మేట్లు ఇద్దరికీ అలాంటివే వచ్చాయి. ఒకడిది నాలాగే కోడింగ్, ఇంకోడు సివిల్, వాడికి డ్రాయింగులు గీసే పని. ఇక హాస్టల్లో ఆ రాత్రి నిద్ర లేదు. ‘ఎక్కడి నుంచైనా చేయొచ్చు’ అన్నాక ఎక్కడికి పోవాలి? ముందు థాయిలాండ్ దాకా వెళ్లాం. వాళ్లు 2024లో ఇలా ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని తిరిగేవాళ్ల కోసం ఐదేళ్ల వీసా ఒకటి మొదలుపెట్టారు. దానికి బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపించాలని చదివి, బాత్ అంటే ఎన్ని రూపాయలో లెక్క కట్టి, నోరు మూసుకున్నాం. పైగా ముగ్గురిలో ఇద్దరికి పాస్‌పోర్టే లేదు.

చివరికి తేలింది వర్కల. కేరళలో తిరువనంతపురానికి ఉత్తరంగా, కొల్లానికి దక్షిణంగా ఉన్న చిన్న ఊరు. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొల్లం దాకా వెళ్లి, అక్కడ ఇంకో బండి మారి దిగాం. జూన్ నెల కాబట్టి రూమ్ చవగ్గా దొరికింది. ఎందుకు చవకో దిగిన గంటలో అర్థమైంది. రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళ చేరతాయి. 2025లో మే 24కే వచ్చేశాయి. మేం వెళ్లేసరికి కొండ అంచున సగం కేఫ్‌లు నీలం పట్టాలు కప్పుకుని నిద్రపోతున్నాయి.

తెరిచి ఉన్నవాటిలో ఒకటి మా ఆఫీసు అయింది. వెదురు కప్పు, నాలుగు చెక్క బల్లలు, ఎదురుగా రెయిలింగ్, రెయిలింగ్ అవతల కిందికి నిలువునా కొండ, దాని కింద అరేబియా సముద్రం. రూల్ ఎవరూ చెప్పలేదు కానీ మాకు మేమే పెట్టుకున్నాం: రెండు గంటలకోసారి ఏదో ఒకటి కొనాలి. పొద్దున లెమన్ టీ, మధ్యాహ్నం ఫ్రైడ్ రైస్, సాయంత్రం ఇంకో లెమన్ టీ. మొదటి వారంలో నేనో రీల్ పెట్టాను. కీబోర్డు, టీ గ్లాసు, వెనకాల అలలు. మీలో చాలామంది లైక్ కొట్టారు కూడా.

ఆ రీల్‌లో కనిపించనివి ఇప్పుడు చెబుతాను. ఎండ కాస్తే స్క్రీన్ కనిపించదు. వాన పడితే జల్లు బల్ల మీదికి వస్తుంది. ఉప్పు గాలికి ప్లగ్ పాయింట్ స్క్రూలు తుప్పు పట్టి, ఛార్జర్ ఒక మూలకు వంచి పట్టుకుంటే తప్ప ఎక్కదు. కరెంటు పోతే వైఫై ఇన్వర్టర్ మీద కాసేపు బతికేది, తర్వాత ఫోన్ హాట్‌స్పాటే గతి. రోజూ పదింటికి స్టాండప్ కాల్. నేను మ్యూట్ తీయగానే అలల హోరు. “నీ దగ్గర ఏదో ఫ్యాన్ సౌండ్ వస్తోంది” అన్నారు ఒకరోజు మా టీమ్ లీడ్. “అవును సర్, పాత ఫ్యాన్” అన్నాను. అరేబియా సముద్రాన్ని పాత ఫ్యాన్ చేసేశాను! ఇంటర్న్ గాడు బీచ్‌లో ఎంజాయ్ చేస్తున్నాడనుకుంటారేమో అని భయం. అందుకే ఆ తెల్ల గోడ.

మా సివిల్ గాడికి మాత్రం ఆ కొండే పెద్ద క్లాస్‌రూమ్ అయింది. పైన ఎర్రటి లాటరైట్, దాని కింద ఇసుకరాయి, బంకమట్టి పొరలు. ఇలాంటి రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో ఈ ఊరి పేరే పెట్టారట, వర్కల్లి ఫార్మేషన్ అని. వాన నీరు లాటరైట్‌లోంచి దిగుతుంది, బంకమట్టి దాన్ని ఇంకా కిందికి పోనివ్వదు, దాంతో కొండ పక్క నుంచి ఊటలుగా బయటికి వస్తుంది. “పైనుంచి వాన నానబెడుతుంది, కింద నుంచి అల కొడుతుంది. మనం కూర్చున్న చోటు అంగుళం అంగుళం పోతోందిరా” అన్నాడు వాడు ఫ్రైడ్ రైస్ తింటూ. ఆ రోజు నుంచి రెయిలింగ్ పక్క బల్ల వదిలేసి లోపలి బల్లకు మారాం.

మూడో వారంలో అమ్మ ఫోన్ చేసింది. నాయనమ్మ బాత్రూమ్ దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒంగోలులో ఆపరేషన్. నేను కంగారుపడితే, “అంతా బాగానే అయిందిలే, నువ్వు పని చూసుకో” అంది. వారం తర్వాత ఇంటికి తెచ్చాక మళ్లీ చేసింది. నాన్న పొద్దున పోతే పొలం నుంచి చీకటి పడ్డాకే వస్తారు. నాయనమ్మను మంచం మీద అటూ ఇటూ తిప్పాలన్నా అమ్మ ఒక్కతే. మాటల మధ్యలో అడిగింది: “ఎక్కడి నుంచైనా చేసుకోవచ్చు అన్నావు కదరా. మరి ఇంటి దగ్గర నుంచి చేయకూడదా?”

దెప్పినట్టు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. అదే నన్ను పట్టేసింది.

“ఇక్కడ నెట్ బాగుంటుందమ్మా” అన్నాను. ఆ క్షణంలో కరెంటు లేదు, ఇన్వర్టర్ కూడా పడుకుంది.

అసలు కారణం నెట్ కాదు. అమ్మానాన్నలు పొలానికి పోతే ఐదో తరగతి దాకా నాకు అన్నం పెట్టి, స్నానం చేయించి, బడికి దిగబెట్టింది నాయనమ్మే. చంకలో పిల్లాణ్ని ఎత్తుకుని బిందె మోసిన మనిషి. ఆవిడ మంచం మీద పడి ఉంటే చూడాలంటే భయం వేసింది. చూడటమే కాదు, చెయ్యాల్సి వస్తుందనీ భయమే. సముద్రం ఎదురుగా ఉంటే ఆ భయం కనబడేది కాదు.

జులై 24, గురువారం. ఆ ముందు రోజు రాత్రి నుంచే ఊళ్లోకి బస్సులు వస్తూనే ఉన్నాయి. కర్కిడక వావు అన్నారు, అంటే వాళ్ల కర్కాటక మాసం అమావాస్య. పోయినవాళ్లకు పిండాలు పెట్టే రోజు. మా కేఫ్ నుంచి ఎడమ వైపు చూస్తే పాపనాశం బీచ్ కనిపిస్తుంది. తెల్లారకముందే లేచి వెళ్లాం. ఇసుకలో వరసలు వరసలుగా జనం, తడి బట్టలతో, ఎదురుగా అరిటాకు, దర్భ, నువ్వులు, అన్నం ముద్ద. పెట్టించే ఆయన మలయాళంలో చెబుతుంటే అందరూ కలిసి చేస్తున్నారు. తర్వాత ఆకు నెత్తి మీద పెట్టుకుని సముద్రంలోకి నడిచి, వెనక్కి తిరిగి అలలోకి వదిలేస్తున్నారు. నా వయసు అబ్బాయి ఒకడు వదిలేసి వచ్చి, ఇసుకలో చెప్పులు వెతుక్కుంటూ ఏడుస్తున్నాడు. పక్కన పెద్దాయన వాడి భుజం మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు.

పదింటికి కేఫ్‌లో కూర్చున్నాను. స్టాండప్‌లో ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆ కేఫ్‌లో వంట చేసే అన్నది గంజాం జిల్లా, బరంపురం దగ్గర పల్లె. ఒడియా వాడే కానీ తెలుగు బాగా వచ్చు. మాతో మాట్లాడటానికే పొయ్యి దగ్గర్నుంచి వచ్చేవాడు. ఆ మధ్యాహ్నం వాన జోరుగా ఉంది, మేం తప్ప ఎవరూ లేరు. ఊరెళ్లి ఎన్నాళ్లయిందన్నా అని అడిగాను. పద్నాలుగు నెలలు అన్నాడు. అమ్మకు బాగోలేదట, డబ్బు పంపుతున్నాడు. నేను మా నాయనమ్మ సంగతి చెప్పాను.

“మరి పోవా?” అన్నాడు.

“పని ఉంది కదన్నా.”

నా ల్యాప్‌టాప్ వైపు చూశాడు. “నీ పని మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. నా పని ఆ పొయ్యి. దాన్ని యాడికి మోసుకుపోతాను?” అని నవ్వి లోపలికి పోయాడు. ఉల్లిపాయలు తరిగే చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆదివారానికి ఇంట్లో ఉన్నాను.

ఇంటి నుంచి పని అంటే అదేదో గొప్పగా ఉందనుకోకండి. మా ఊళ్లో సిగ్నల్ వచ్చేది ఒక్క ఉత్తరం కిటికీ దగ్గరే. ఆ కిటికీ కిందే నాయనమ్మ మంచం. సోమవారం పదింటికి మంచం పక్కన స్టూలు వేసుకుని కాల్‌లో చేరాను. తెల్ల గోడ బొమ్మ పెట్టడం మర్చిపోయాను. నా వంతు రాగానే వెనకాల నుంచి, “ఒరే అబ్బాయ్, ఎవరితోరా? కాసిని మంచినీళ్లు ఇయ్యి” అని వినిపించింది. అందరూ విన్నారు. “సారీ సర్, మా నాయనమ్మ” అన్నాను. “ముందు నీళ్లు ఇచ్చి రా” అన్నారు లీడ్. తెలుగువారే. ఆరు వారాలు ఆ సంగతి కూడా తెలుసుకోలేదు నేను.

ఆ రెండు వారాల్లో మనిషిని నొప్పి లేకుండా పక్కకు ఎలా తిప్పాలో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మొదటి రోజు నా చేతులు వణికాయి. “భయపడకురా, నేనేం గాజు బొమ్మనా” అంది నాయనమ్మ. పీపీఓ మాత్రం రాలేదు. ఇంటికి రావడం వల్లే పోయిందని చెప్పను. వర్కలలో రాసిన కోడ్ నాకు తెలుసు.

ఒకరోజు ఫోన్‌లో నా రీల్ చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“మన వాడరేవు లాగానే ఉందా?”

“అక్కడ పెద్ద కొండ ఉంటుంది నాయనమ్మా. ఎర్రది.”

చీరాల వాడరేవు మా ఊరికి ఎంతో దూరం లేదు. నాయనమ్మ ఏటా కార్తీక పౌర్ణమికి అక్కడ స్నానానికి పోయేది. నేనే ఎప్పుడూ తోడు పోలేదు, ఎప్పుడూ ఏదో పరీక్ష. “ఈసారి నువ్వు తీసుకుపో” అంది.

ఇప్పుడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తోందట. ఇసుకలో వాకర్ నడవదు, ఎలా తీసుకెళ్లాలో ఆలోచిస్తున్నాను. సివిల్ గాడిని అడిగితే చెక్క పలకలు వేద్దాం, తనూ వస్తానన్నాడు. కార్తీక పౌర్ణమి నవంబర్ 5న. ఆ రోజు ల్యాబ్ ఇంటర్నల్ ఉంటే మాత్రం, మీలో ఎవరైనా నా తరఫున సార్‌తో మాట్లాడాలి.