“మీ వాళ్లు నిలబడరు” అన్న మాటకి మా జవాబు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

పాడేరు నుంచి ట్రైనింగ్ అయ్యాక మా బ్యాచ్ 22 మందిమి చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాం. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆరుగురం మిగిలాం. మొన్న మేం సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, కొత్త పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన మా ముందే అన్నాడు: “మీ ఏజెన్సీ పిల్లలు మంచోళ్లేనండీ, కానీ నిలబడరు. పండగొస్తే పోతారు.” ఆ మాట గుచ్చుకుంది. అందుకే రాస్తున్నాం.

ముందు ఒక సంగతి. మనం సరదాకి అంత దూరం వెళ్లట్లేదు. బీఈడీ చేస్తే మన మండలంలోనే టీచర్ అవుతాం అనుకుంటూ పెరిగినవాళ్లం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దారి ఇరుకైపోయింది. అరెకరం కాఫీ తోట మీద ఇల్లంతా బతకదు. అందుకే బస్సెక్కాం. సరదాకి వెళ్లనివాళ్లం సరదాకి తిరిగి రాం కదా.

మరి ఎందుకొచ్చేశారు? మొదటి నెల ముగ్గురు వెళ్లిపోయారు. ట్రైనింగ్‌లో చెప్పిన జీతం వేరు, చేతికొచ్చింది వేరు. పేస్లిప్ ఇంగ్లీషులో ఉంది, విడమరిచి చెప్పినవాళ్లు లేరు. మన డబ్బు ఎవరో తినేస్తున్నారనుకున్నారు. పీఎఫ్‌కి పోయే 12 శాతం మన పేరు మీదే జమ అవుతుందని, దానికి కంపెనీ కూడా కలుపుతుందని, కంపెనీ మారినా యూఏఎన్ నంబరు అదేనని మాకే ఆర్నెల్లకి తెలిసింది. ఈఎస్ఐ కార్డుతో మన మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకి కూడా వైద్యం దొరుకుతుందని చెప్పి ఉంటే ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఆగేవారు.

తర్వాత పండగ సంగతి. ఇటుకల పండగకి మనవాళ్లు ఎక్కడున్నా ఇంటికి రావాల్సిందే. రెండు లైన్లలో పనిచేశాం. ఒక లైన్‌కి లీడర్ తమిళ అక్క. మా పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకుంది. పండగకి సగం మందిని ముందు నాలుగు రోజులు, మిగతా సగాన్ని తర్వాత నాలుగు రోజులు పంపింది. వెళ్లినవాళ్లందరూ చెప్పిన రోజుకి తిరిగొచ్చారు. రెండో లైన్‌లో సెలవు ఇవ్వనన్నారు. ఐదుగురు చెప్పకుండా వెళ్లారు, మళ్లీ రాలేదు. వస్తే ఎలాగూ తీసేస్తారని వాళ్ల భయం. పండగ వాళ్లని ఆపలేదు. తిరిగి వచ్చే దారి మూసేశారు, అంతే. ఈరోజు మిగిలిన ఆరుగురిలో ఐదుగురం ఆ అక్క లైన్ వాళ్లమే.

మిగతావాళ్లలో కొందరు కాఫీ పళ్ల కోతకి వచ్చేశారు, కొందరు “అడవోళ్లు” అన్న వెక్కిరింపు పడలేక వచ్చేశారు.

ఒక తమ్ముడి సంగతి మాత్రం మా తప్పు కూడా. వాళ్లమ్మకి జ్వరం ఎక్కువైందని కబురొచ్చింది. సూపర్‌వైజర్ ఆస్పత్రి కాగితం చూపించమన్నాడు. సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన ఊరి నుంచి కాగితం ఎవరు పంపుతారు? రాత్రికి రాత్రే వెళ్లిపోయాడు. 19 రోజుల జీతం ఆగిపోయింది. టెన్త్ ఒరిజినల్ సర్టిఫికెట్ కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు వాడితో కలిసి హెచ్ఆర్ దగ్గరికి వెళ్లమంటే మేం భయపడ్డాం. మా ఉద్యోగం పోతుందేమోనని గమ్మున ఉన్నాం.

కంపెనీ వాళ్లకి మేం చెప్పేది చిన్నదే. పేస్లిప్ తెలుగులో ఒక్కసారి చెప్పండి. ఇటుకల పండగని మీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఇంటికెళ్లినవాడు తిరిగొస్తే గేటు తీయండి.

ఈ సోమవారం మన మండలం నుంచి 14 మంది వెళ్తున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. వెళ్లిపోవాల్సి వస్తే చెప్పి వెళ్లండి, కనీసం వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఒక్కరే హెచ్ఆర్ గదిలోకి వెళ్లొద్దు, మాకు ఫోన్ చేయండి.

ఆ తమ్ముడు ఇప్పుడు కానిస్టేబుల్ పోస్టుకి చదువుతున్నాడు, సర్టిఫికెట్ కావాలి. డ్యూటీలో చేరగానే ఆరుగురం కలిసి కాంట్రాక్టర్ ఆఫీసుకి వెళ్తున్నాం. అప్పుడు వెళ్లలేదు, ఇప్పుడు వెళ్తాం. ఏమైందో ఇక్కడే రాస్తాం.

జై ఆదివాసీ.