అంచు తగలని పని

ఆళ్లగడ్డ అనగానే ఎవరికైనా శిల్పాలే గుర్తొస్తాయి. మా ఊరి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అదే ఊళ్లో నేను చేసేది కాగితం పని. పాత ట్రంకుపెట్టెలు, పెళ్లిపీటలు, ట్రేలు, మట్టికుండలు, ఖాళీ సీసాల మీద బొమ్మలు కత్తిరించి అతికిస్తాను. దీన్ని డెకూపాజ్ అంటారు. శిల్పి అక్కర్లేని రాయిని తీసేసి బొమ్మను బయటికి తెస్తాడు. నేను ఒక పొర అతికించి, అది అతికించిందని తెలియకుండా చేయాలి. వేలితో తడిమితే కాగితం అంచు తగలకూడదు. తగిలిందంటే పని ఇంకా ఉన్నట్టే.

ట్రంకుపెట్టె వస్తే ముందు తుప్పు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, పైన తెల్లరంగు వేస్తాను. నేను ఎక్కువగా వాడేది బొమ్మలున్న టిష్యూ న్యాప్‌కిన్లు. వాటి పొరలు విడదీసి, బొమ్మ ఉన్న పైపొర ఒక్కటే తీసుకోవాలి. అది ఎంత పలచనంటే, కింద ముదురు రంగుంటే బొమ్మ అందులో మునిగిపోతుంది. అందుకే తెలుపు. ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్లు కలిపి మెత్తటి కుంచెతో నడిమి నుంచి అంచులకు లాగాలి. ఎండాక వార్నిష్, అది ఆరాక నున్నటి ఉప్పుకాగితం, మళ్లీ వార్నిష్. అంచు పూతలో కలిసిపోయేదాకా ఇదే వరస.

మా దగ్గర ఎండలకు జిగురు కుంచె మీదే బిగుసుకుంటుంది. కాగితం కింద గాలిబుడగలు నిలిచిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున అతికించుకుని, మధ్యాహ్నం కత్తెర పట్టుకుంటాను. ఎంత ఉక్కగా ఉన్నా అతికించేటప్పుడు ఫ్యాను వేయను.

18వ శతాబ్దంలో వెనిస్‌లో ఈ పని బాగా సాగింది. తూర్పుదేశాల లక్కపూత సామాను ఖరీదు ఎక్కువ కాబట్టి, అచ్చుబొమ్మలు అతికించి పూతల మీద పూతలు వేసి ఆ మెరుపు తెచ్చేవాళ్లు. ఇంగ్లండులో మేరీ డెలానీ 70 ఏళ్లు దాటాక రంగుకాగితాలు కత్తిరించి పూలు చేయడం మొదలుపెట్టింది. దాదాపు వెయ్యి పూలు ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన దగ్గర 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టాక లక్ష్మీ సరస్వతుల పటాలు ఇళ్లకు చేరాయి. ఆ పటాల్లోని చీరలకు ఆడవాళ్లు జరీ, చమ్కీలు అద్దారు. నా పనికి పుట్టిల్లు వెనిస్ కన్నా ఆ ఇళ్లేననిపిస్తుంది నాకు.

పెళ్లిపీటల దగ్గర నాకొక పట్టింపు ఉంది. “లక్ష్మీదేవిని వేయమ్మా, శుభం కదా” అంటారు పెద్దవాళ్లు. “కూర్చునే పీట మీద అమ్మవారెందుకు పెద్దమ్మా? హంసలో, తామరలో వేస్తాను. అమ్మవారిని కుంకుమ పెట్టె మూత మీద పెట్టుకుందాం” అంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఇక అన్నం, కూర తగిలే చోట జిగురూ వార్నిషూ పనికిరావు. కుండకైనా పళ్లేనికైనా వెలుపలి వైపే పని చేస్తాను.

ఈమధ్య తల్లిదండ్రుల పాత శుభలేఖను ట్రే మీద అతికించమని తెస్తున్నారు. అట్ట మందం కాబట్టి వెనక పొరలు తడిపి ఒలవాలి. పాత కాగితం తడికి చిరిగిపోవచ్చు. ఇంక్‌జెట్ నకలైతే జిగురు తడికి రంగు కారుతుంది. కాబట్టి లేజర్ ప్రింటు తీయించుకు రమ్మంటాను. అసలు శుభలేఖను బీరువాలోనే ఉంచుకోమని చెప్పి పంపిస్తాను.