కీచుమనెడు బ్రేకు

తెల్లవారుజామున వీధిలో నొక పాత మారుతి కారు కీచుమని అరచుచు వచ్చి యాగినచో, అది యెవరి కారైనను సరే, నా మనస్సు చాలసేపటివరకు కుదుటపడదు. పెక్కు బ్రేకు ప్యాడులకు అంచున నొక చిన్న ఇనుపరేకు నమర్చుదురు. ప్యాడు అరిగి పలుచబడినంతనే ఆ రేకు డిస్కునకు రాచుకొని ఆ ధ్వని పుట్టించును. అది ముందుగా వచ్చిన హెచ్చరిక. దానిని విని, పాట ధ్వని పెంచుకొని సాగిపోవు వారిని జూచినపుడు నాకు కలుగు ఆగ్రహము చెప్ప నలవికాదు.

“కొండలున్నాయా, ఘాట్ రోడ్డుందా? మన తణుకులో బ్రేకులేం అరుగుతాయండీ?” అనువారు కలరు. వారు కోతల కాలమున ఒక్కసారి అత్తిలి దారిని పోయి రావలెను. సగము రోడ్డున ధాన్య మారబోసి యుండును. మిగిలిన సగమున గేదెలు నడచుచుండును. పుంతలోనుండి ట్రాక్టరు హఠాత్తుగా రోడ్డెక్కును. 1947లో ఆంధ్రా షుగర్సు వెలసిన పిదప చెరకు బండ్లును, ఆ వెనుక చెరకు ట్రాక్టర్లును ఈ దారులను ఎంతకాలము నింపినవో ఇచ్చటి పెద్దల నడిగిన చెప్పుదురు. అన్నిటిని మించి ఈ సీమ తేమ యొకటి కలదు. వానకారున కాలువగట్ల బురదనీటిలో తిరిగిన కారునకు ప్యాడు అరుగుటకన్న బ్రేకులోని పిన్ను తుప్పుపట్టుటయే పెద్ద కీడు.

ఆ పిన్నును గూర్చియే నేను చెప్పదలచినది. నేనెరిగిన మారుతి 800లకు ముందు చక్రములయందు డిస్కులును, వెనుక డ్రమ్ములును ఉండును. డిస్కును పట్టుకొని యుండు కాలిపరులో పిస్టను ఒకవైపుననే కలదు. అది లోపలి ప్యాడును డిస్కునకు అదుమగా, ఆ ఒత్తిడి చేతనే కాలిపరు తన పిన్నులపై జారి వెలుపలి ప్యాడును కూడ లాగి అదుమును. పిన్ను తుప్పుపట్టి బిగిసినదా, వెలుపలి ప్యాడు ఊరకుండును, లోపలిది ఒక్కటియే భారమంతయు మోసి అరిగిపోవును, కారు బ్రేకు వేసినపుడెల్ల ఒకప్రక్కకు లాగును. కావున పిన్నులు ఊడదీసి, తీగబ్రష్షుతో తుప్పు వదలించి, గుడ్డతో తుడిచి, రబ్బరు తొడుగు చిరిగినదేమో చూచి, బ్రేకులకై చేసిన సిలికాన్ గ్రీజును పలుచగా పూయవలెను. బేరింగులకు వాడు గ్రీజును పూసినచో రబ్బరు ఉబ్బి పిన్ను మరల బిగియును. కొన్నేండ్ల క్రిందట రహదారి ప్రక్కనున్న ఒక షెడ్డులో నా కారునకు టీ త్రాగినంతసేపటిలో క్రొత్త ప్యాడులు వేసి పంపిరి. పిన్నుల జోలికే పోలేదు. కొలది నెలలకే లోపలి ప్యాడు ఇనుము తేలి డిస్కును గాళ్ళుగాళ్ళుగా గీసినది. వెలుపలిది క్రొత్తదివలెనే యున్నది. ఆ తొందరను నేను నేటికిని క్షమింపలేదు.

మా మేనమామగారి అంబాసిడరును బాగుచేసిన వృద్ధుడు ఇట్లు చేసెడివాడు కాడు. ఆ కారునకు నాలుగు చక్రములకును డ్రమ్ములే. లోపల ప్యాడులు కావు, షూలు. ఆయన షెడ్డు గోస్తనీ నది గట్టున తాటాకు పందిరి. చక్రపుమూతను వెల్లకిల వేసి, విప్పిన నట్లను విప్పిన వరుసనే అందులో పేర్చెడివాడు. జాకీ ఎత్తకమునుపే, చక్రము నేలపై నుండగానే, పానాతో నట్లు వదులు చేయును. వెనుక చక్రమునకు రాయి అడ్డుపెట్టును. జాకీని నమ్మక క్రింద స్టాండు నిలుపును. డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదనిచ్చెడివాడు కాడు, తడిగుడ్డతో తుడిపించెడివాడు. ఆనాటి లైనర్లలో రాతినార యుండెడిది గనుక ఆ జాగ్రత్త ఎంత విలువైనదో పిమ్మట తెలిసినది. ఆ అంబాసిడరు, ఈ మారుతి 800 రెండింటి తయారీయు 2014లోనే ఆగిపోయినది. ఇక మారుతికి ముందు చక్రములనున్న డిస్కు బ్రేకు సంగతి చెప్పవలెనన్న, దానికి ఇంగ్లండున లాంచెస్టరు అను ఇంజనీరు 1902లో పేటెంటు పొందెను. ఆయన రాగి ప్యాడులు వాడుటచే అవి దుర్భరముగా కీచుమనెడివట. 1953 ల మాన్ కార్ల పందెమును డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలిచిన పిమ్మటనే లోకము వానిని నమ్మినది.

కారును షెడ్డునకు తీసికొని పోవు పాఠకులకు నా విన్నపము. ప్యాడులను రెండు ముందు చక్రములకు ఒక్కసారియే మార్పించుడు. విప్పిన కాలిపరును రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టించుడు. సీ క్లాంపుతో పిస్టనును లోనికి నెట్టునపుడు పైనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు పొంగునేమో కనిపెట్టుడు. పెయింటుపై ఒలికిన వెంటనే నీటితో కడిగింపుడు. చక్రము బిగింపకమునుపు పిన్నులు చూపుమని అడుగుడు. కారు కదలింపకమునుపు పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కుడు. పిస్టను వెనుకకు పోయి యుండుటచేత మొదటి త్రొక్కునకు బ్రేకు పడదు.