గెలుపు క్రెడిట్ కష్టాలకు ఇవ్వకండి

కష్టాలే మనిషిని గెలిపిస్తాయంటే నేను నమ్మను. ఇద్దరు రాయలసీమ అమ్మాయిలనే చూడండి. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. వినికిడి లోపమున్న కర్నూలు జాఫ్రీన్ 2017 బధిర ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. అడ్డంకులే గెలిపించేవైతే, వాన ముఖం చాటేసే ఈ సీమలో ఊరికో ఛాంపియన్ ఉండాలి కదా! లేరంటే, అవి ఎక్కువమందిని ఆపేస్తున్నాయనే అర్థం. వీళ్లిద్దరికీ పట్టుదలతోపాటు ఇంటి అండ, శిక్షణ కూడా దొరికాయి.

అలాగంటే వాళ్ల శ్రమను తక్కువ చేసినట్టు కాదా అంటారేమో. కాదు. అండ దొరికిన వాళ్లంతా గెలవరు, ఆ తేడా వాళ్ల చెమటదే. కానీ అండలేక ఆగిపోయిన పిల్లలకు పట్టుదల లేదనడం అన్యాయం. గెలిచినవాళ్లకు శాలువా కప్పేముందు, మన మండలంలో ఆటస్థలం ఉందో లేదో, కోచ్ ఉన్నారో లేరో అడుగుదాం.