వెనక దీపం కోసం పుదుపేట దాకా

మద్రాసులో పాత మోటారు సైకిలు ఉన్నవాడికి రెండు పుణ్యక్షేత్రాలు. ఒకటి ఎగ్మూరు స్టేషనుకు దక్షిణంగా కూవం ఒడ్డున ఉన్న పుదుపేట. రెండోది మౌంట్ రోడ్డు నుంచి రాయపేట వైపు పోయే జనరల్ పాటర్స్ రోడ్డు. మొదటి చోట విప్పేసిన బండ్ల సామాను, రెండో చోట ఎక్కువగా కొత్త సామాను దొరుకుతాయి. ఊరి పేరు చెన్నై అయి చాలా ఏళ్ళయింది గాని, ఈ వీధుల్లో తిరిగేటప్పుడు నా నోటికి మద్రాసనే వస్తుంది.

మొన్న రెండో శనివారం బ్యాంకుకు సెలవు. మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. కావలసింది బ్రేకు దీపం స్విచ్చి, వేలెడంత వస్తువు. దాని వెనక పెద్ద కథే ఉంది.

బండి 1979 నాటి బుల్లెట్టు, మా బావగారిది. ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డు వారితో కలిసి మద్రాస్ మోటార్స్ వారు 1955లో పెట్టిన కంపెనీ తయారు చేసిన బండి. తిరువొత్తియూరులో ఆ కార్ఖానా గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా బావగారు దాన్ని పుట్టింటికి తీసుకొచ్చినట్టు హారన్ కొట్టేవారు. 1992లో సూళ్ళూరుపేటలో పెళ్ళి చూసుకుని రాత్రివేళ తిరిగి వస్తుండగా, గుమ్మిడిపూండి దగ్గర ఎద్దులబండి అడ్డం వస్తే ఆయన బ్రేకు వేశారు. వెనక వస్తున్న లారీ ఆగలేదు. "దీపం వెలగలేదు సార్" అన్నాడు డ్రైవరు. తర్వాత చూస్తే నిజమే, స్విచ్చికి ఉండే స్ప్రింగు ఎప్పుడో తెగిపోయి ఉంది. బావగారు బతికారు గాని, 2016లో పోయేదాకా కుంటుతూనే నడిచారు. బండి షెడ్డులో గోనెపట్టా కింద ఉండిపోయింది. ప్రమాదం నాటికి రెండేళ్ళవాడైన మేనల్లుడు ఇప్పుడు దాన్ని నడుపుతానంటున్నాడు. అక్కయ్య తాళంచెవి కొంగున కట్టుకుని, "ముందు ఆ వెనక దీపం వెలగనీ, తర్వాత చూద్దాం" అంది.

పుదుపేటలో నడవడం ఒక విద్య. కాలిబాట మీద తలుపులు, దీపాలు, సైలెన్సర్లు గుట్టలుగా ఉంటాయి. నేల నూనెతో నల్లబడి ఉంటుంది. మావాడికి ప్రతి గుట్టా నిధిలాగే కనిపించింది. ఒక కొట్టులో పాత స్విచ్చి దొరికింది గాని, నాలుక లాగితే మధ్యలో పట్టేస్తోంది. ఏ కవరో, ఏ పెడలో అయితే పాతది కొనడం నాకూ ఇష్టమే. ప్రాణం ఆధారపడిన చోట మాత్రం పాతవస్తువు మీద మోజు పనికిరాదు. పెట్టేయమన్నాను.

అక్కణ్ణుంచి కూవం వంతెన దాటి చింతాద్రిపేట మీదుగా నడిచాం. అన్నట్టు, మన వాళ్ళకో మాట. 1734లో కుంఫిణీ వారు నేతగాళ్ళ కోసం కట్టించిన పేట అది. అరవంలో తరి అంటే మగ్గం, చిన్న తరిపేట చింతాద్రిపేట అయిందంటారు. అంతకుముందు ఆ స్థలం సుంకురామ చెట్టిగారనే తెలుగు వర్తకుడి తోట.

జనరల్ పాటర్స్ రోడ్డులో మావాడు "ఆరు వోల్టుల స్విచ్చి" అడిగితే గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన నవ్వారు. "వోల్టు చూడాల్సింది బల్బుకు తంబీ, స్విచ్చికి కాదు" అని అరవంలో చెప్పి, స్విచ్చితో పాటు రెండు స్ప్రింగులు, ఆరు వోల్టుల బల్బు ఒకటి చేతిలో పెట్టారు. ఆ బల్బులో తీగలు రెండు: సన్నది రాత్రి దీపానికి, లావుది బ్రేకు దీపానికి. పక్కన ఉండే రెండు మొలకలూ ఒకే ఎత్తులో ఉండవు. తలకిందులుగా పెడితే కూర్చోకూడదనే ఆ ఏర్పాటు. బలవంతంగా తిప్పితే పని తారుమారవుతుంది.

ఇంటికొచ్చి బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టాం. ముందు పాత స్విచ్చి వైర్లు రెండూ విడదీసి ఒకదానికొకటి తాకించాం. దీపం వెలిగింది. అంటే బల్బు, వైరు, ఎర్తు బాగున్నట్టే, లోపం స్విచ్చిదే. వెలగకపోతే స్విచ్చి జోలికి పోకుండా ముందు వాటిని చూసుకోవాలి.

చాలామంది వెంటనే స్విచ్చి బిగించేస్తారు. ప్రారంభ నిల్వ సరిచూడకుండా ఖాతా రాసినట్టే అది. ముందు బ్రేకు సరిచేయాలి. గొలుసు బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో బ్రేకు రాడ్డు లెక్క మారుతుంది. అందుకని గొలుసు, తర్వాత బ్రేకు, ఆఖరున స్విచ్చి. ఈ బండికి బ్రేకు పెడలు ఎడమవైపు, గేరు కుడివైపు. పెడలు ఓ అంగుళం వదులుగా దిగి ఆపైన పట్టేలా వెనక నట్టు తిప్పాం.

స్విచ్చి నాలుకనూ పెడలునూ కలిపేది స్ప్రింగే. అక్కడ గట్టి తీగ కట్టేవాళ్ళను చూశాను, అది తప్పు. గట్టిగా తొక్కినప్పుడు స్విచ్చి లాగగలిగినంత లాగాక, మిగిలింది స్ప్రింగు సాగి భరించాలి. లేకపోతే నాలుక ఊడొస్తుంది. స్క్రూలు కొద్దిగా వదులు చేసి స్విచ్చిని ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడాలి. మావాడు చక్రం తిప్పుతూ వెనక కూర్చున్నాడు, నేను చేత్తో పెడలు నొక్కాను. చక్రం పట్టబోయే ముందే దీపం వెలగాలి, వదలగానే ఆరాలి. మరీ బిగువైతే గతుకుల్లో ఊరికే మిణుకుతుంది, లేదా ఆరనే ఆరదు. ఆ తీగ 18 వాట్లదైతే ఆరు వోల్టుల మీద 3 ఆంపియర్లు తింటుంది. 12 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఇంజను ఆపి తాళం తిప్పే ఉంచితే, నాలుగు గంటల్లో ఖాళీ. ఆరని దీపంతో ఇంకో ప్రమాదం, వెనకవాడు దాన్ని నమ్మడం మానేస్తాడు.

మావాడికి ఇంకొకటి గట్టిగా చెప్పాను. ఈ పాతబండికి ముందు బ్రేకుకు స్విచ్చి లేదు. చేతి బ్రేకు ఒక్కటే పడితే వెనకవాడికి ఏమీ తెలియదు. కాలు కూడా వేయాలి.

చీకటిపడ్డాక అక్కయ్య వచ్చి బండి వెనక, గోడకు ఆనుకుని నిలబడింది. మావాడు పెడలు తొక్కాడు. గోడంతా ఎర్రబడింది. వదిలాడు, ఆరింది. "ఇంకోసారి" అంది. అలా పదిసార్లయినా తొక్కించి ఉంటుంది. తాళంచెవి మాత్రం ఆ రాత్రి ఇవ్వలేదు. పొద్దున్నే కాఫీతో పాటు బల్ల మీద పెట్టింది.